దిగిన ప్రతి తలకీ ఒక నొక్కు

జూన్ 9

మామయ్యకి,

క్షేమమేనా అని అడగను. క్షేమంగానే ఉంటావు. అవతలి ఒడ్డున కొత్త ఆఫీసులో ఏసీ ఉందనీ, గిర్రున తిరిగే కుర్చీ ఇచ్చారనీ, తలుపు మీద "పర్యాటక ప్రోత్సాహక సలహాదారు" అని ఇత్తడి పలక కొట్టించారనీ ఇక్కడ టీ కొట్టు దాకా తెలిసిపోయింది. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే మూడో మాటకే "మీటింగులో ఉన్నా తల్లీ" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా పెట్టేయలేవు, చివరిదాకా చదవాల్సిందే.

నిన్న రేవులో ఒక నోటీసు పడింది. అంటించింది నేనే. పడవకి తాడు కట్టేదీ, మెట్లు కడిగేదీ, గోడకి జిగురు పూసేదీ నేనే కదా, జీతం మాత్రం ఒక్క పనికే. అంటించి, రెండడుగులు వెనక్కి జరిగి, అప్పుడు చదివాను. "పర్యాటకుల సౌకర్యార్థం జూలై ఒకటో తేదీ నుంచి ఉదయం ఐదున్నర పడవ రద్దు. ఇకపై మొదటి పడవ పదకొండు గంటలకు." గోళ్లతో పీకబోయాను. రాలేదు. జిగురు పూయడంలో నాకెవరూ వంక పెట్టలేరు.

కింద సంతకం నీది.

అందుకే రాస్తున్నాను. నీకు తెలియక కాదు, గుర్తు లేదేమోనని. మీ అక్కకి, అంటే మా అమ్మకి, రెండు కిడ్నీలూ పనిచేయవు. సోమ, బుధ, శుక్రవారాలు అవతలి ఒడ్డున పెద్దాసుపత్రిలో డయాలిసిస్. ఏడున్నరకి కుర్చీ. ఎనిమిది దాటితే ఆ కుర్చీ ఇంకొకరికి. నాలుగు గంటలు ఆ మిషను పక్కన కూర్చుంటే రెండు రోజులు మనిషిలా తిరుగుతుంది. పదకొండు పడవెక్కితే ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట. మధ్యాహ్నం కుర్చీ ఇమ్మని అడిగాను. నర్సు రిజిస్టరు తిప్పి చూపించింది. మాకంటే ముందు ఇరవై ఆరుగురు ఉన్నారు. "వాళ్లలో ఎవరైనా పోతే చెబుతాలే" అంది. చెడ్డ మనిషి కాదు, ఉన్నమాట చెప్పింది.

కాబట్టి ఆ పడవ ఉండాలి. నాకింకేం అక్కర్లేదు.

ఇంతకీ ఎవరీ పర్యాటకులు? తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా నేను రేవులోనే ఉంటాను. జనవరి నుంచి పదకొండు మందిని చూశాను. అందులో ఇద్దరు వేరే పడవ అనుకుని ఎక్కి వచ్చారు, దిగగానే ఏడుపు మొహం పెట్టారు. వీళ్లకోసమా నువ్వు రేవులో మనిషెత్తు ఎర్రక్షరాలు నిలబెట్టించింది? "నేను ఈ ద్వీపాన్ని ప్రేమిస్తున్నాను" అని! మొన్నటి గాలికి మొదటి మూడు మాటలూ సముద్రంలో పడ్డాయి. ఇప్పుడు ప్రేమించేది దేన్నో ఎవరికీ తెలియదు.

కుళాయి మాత్రం రెండు రోజులకోసారి నలభై నిమిషాలే వస్తోంది. మీ పర్యాటకులకి చూపించడానికి ఇంకేం దొరక్కపోతే మా కుళాయి లైను చూపించండి. బిందెలుంటాయి, బకెట్లుంటాయి, కావలసినన్ని తిట్లుంటాయి. టికెట్టు పెడితే బాగా ఆడుతుంది.

అమ్మ నిన్ను అడిగానని రాయమంది. రాశాను.

మేనకోడలు


జూన్ 15

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. చేతిరాత బాగా కుదిరింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, పొట్లాలు కట్టిన పాత పేపర్లు చదివి ఇంత పైకొచ్చావంటే నీలో మా వంశం పోలిక ఉంది. మాటల్లో కాస్త ఉప్పు తగ్గించుకుంటే ఇంకా పైకొస్తావు.

ఇక్కడ నాకు చాలా గౌరవంగా ఉంది. కుర్చీ సంగతి నిజమే. ఎడమకి తిప్పితే సముద్రం, కుడికి తిప్పితే డైరెక్టరు మేడమ్ గది. నేను ఎక్కువగా కుడివైపే తిప్పుకుని కూర్చుంటున్నాను, పిలిస్తే వినపడాలి కదా. మెడ పట్టేసింది. అది వేరే సంగతి.

ఇక పడవ విషయం. నీకు రేవు తెలుసు, నాకు లెక్కలు తెలుసు. నిరుడు మన ద్వీపానికి వచ్చిన పర్యాటకులు ముప్పై మూడువేల ఆరువందల మంది. ఇంత చిన్న ద్వీపానికి అంతమందా అని మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఈ ఉద్యోగం నాకు అలా వచ్చిందే. అయితే ఆ లెక్కల్లో ఒక లోపం బయటపడింది. రోజూ సాయంత్రం పడవకి నూట పదిమంది దాకా మన రేవులో దిగుతున్నారు. తెల్లవారి ఐదున్నరకి అంతమందీ వెళ్లిపోతున్నారు! ఒక టీ తాగరు, ఒక గవ్వ కొనరు, ఒక ఫోటో దిగరు. రాత్రికి వచ్చి, పడుకుని, చీకటితోనే పారిపోతున్నారు. ఎంత సిగ్గుచేటు! మన ఆతిథ్యంలో ఏం లోపం ఉందో అని కమిటీ మూడుసార్లు కూర్చుంది. చివరికి నేనే చెప్పాను: పొద్దున పడవ ఉండబట్టే వెళ్లిపోతున్నారు, అది తీసేస్తే ఎలా వెళతారు? బల్లల మీద చరిచారు.

అక్క గురించి నువ్వు బెంగపడకు. ఆసుపత్రి కూడా ప్రభుత్వానిదే, మేమూ ప్రభుత్వమే. నర్సుకి నా హోదా చెప్పు. కుర్చీ టైము మార్చడం ఎంతపని?

నీ బాధ ఏమిటో నాకు అర్థమైంది. గైడు పోస్టు వేరేవాళ్లకి ఇచ్చామని అలిగావు. తరువాతి విడతలో చూద్దాం. నీకు బుర్ర ఉంది. కుళాయి లైను గురించి నువ్వు రాసింది కమిటీలో చదివాను. చాలా మెచ్చుకున్నారు. మంజూరైంది.

అక్కకి నా నమస్కారాలు.

మీ మామయ్య
పర్యాటక ప్రోత్సాహక సలహాదారు


జూలై 6

సలహాదారుగారికి,

ముందు ఆ ముప్పై మూడువేల ఆరువందల సంగతి తేల్చుకుందాం. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు.

రెండేళ్ల కిందట నువ్వు పంచాయతీ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు నా చేతిలో ఒక ఇనుప డబ్బీ పెట్టావు. బొటనవేలితో నొక్కితే టక్కుమని ఒక అంకె పెరిగేది. "దిగిన ప్రతి తలకీ ఒక నొక్కు" అన్నావు. "మనవాళ్లకి కూడానా?" అన్నాను. "ఎక్కినవాళ్లంతా దిగారో లేదో చూడాలి, నీళ్లలో ఎవరైనా పడితే తెలియొద్దా?" అన్నావు. నిజమే కదా అనుకున్నాను. వానలో నొక్కాను, జ్వరంలో నొక్కాను. తల్లి చంకలో పాపకి ఒకటి నొక్కాను. కడుపులో బిడ్డకి మాత్రం నొక్కలేదు, అది నీ దురదృష్టం.

ఆ నూట పదిమంది ఎవరో తెలుసా? తొంభైమంది అవతలి ఒడ్డున చేపల ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు బిగించే మనవాళ్లు. పదిహేనుమంది కాలేజీ పిల్లలు. మిగిలినవాళ్లు కోర్టుకో ఆసుపత్రికో వెళ్లొచ్చేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చి, పొద్దున్నే పనికి పోతున్నారు. గవ్వ ఎందుకు కొనలేదంటే వాళ్ల వాకిట్లోనే బోలెడున్నాయి. ఫోటో ఎందుకు దిగలేదంటే ఆకలేస్తోంది. మామయ్యా, వాళ్లలో సగంమంది నీకు ఓటు వేశారు!

రేపటి నుంచి మనవాళ్లకి నొక్కను. చెబుతున్నాను, వినిపించుకో.

ఐదున్నర పడవ పోయి వారమైంది. ఫ్యాక్టరీ వాళ్లు అవతల ఒక్కో గదికి ఎనిమిదిమంది చొప్పున అద్దెకి దిగారు, శనివారం వస్తున్నారు. అమ్మ బుధవారం చేపల పడవలో వెళ్లింది. ఐసు పెట్టెల మధ్య కూర్చుని, నడుము దాకా తడిసి. ఆ తడి బట్టలతోనే మిషను పక్కన నాలుగు గంటలు. శుక్రవారం గాలి ఎక్కువగా ఉందని చేపల పడవ కదల్లేదు. కుర్చీ పోయింది. శనివారానికి కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. నేను గట్టిగా వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. నర్సుకి నీ హోదా చెప్పాను. "అలాంటి హోదా ఒకటుందా?" అంది. ఎగతాళికి కాదు, పాపం నిజంగానే తెలియక అడిగింది.

అందుకని ఒక్క మాట అడుగుతున్నాను. నాకు నిన్ను అడగడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఆది, మంగళ, గురువారాలు పదకొండు పడవకి అమ్మని పంపిస్తాను. నీ క్వార్టర్సులో పడుకుంటుంది. పొద్దున్నే బస్సెక్కించు చాలు. రెండు గదులున్నాయని నువ్వే చెప్పావు ఫోన్లో. ఆవిడ నిన్ను చంకనేసుకుని పెంచింది. ఒక మంచం ఇవ్వలేవా?

కుళాయి దగ్గర బోర్డు పెట్టారు. "స్థానిక జీవన దర్శన స్థలం." నీళ్లు మాత్రం పెంచలేదు. బిందె పట్టేవాళ్లు సముద్రంవైపు తిరిగి నిలబడాలట, ఫోటోల్లో వెలుగు బాగుంటుందని. మొన్న టీ కొట్టు అత్త ఆ మాట చెప్పడానికి వచ్చిన కుర్రాఫీసరు మీద బకెట్టు దిమ్మరించింది. అతను తడిసిన రికార్డు పుస్తకం గోడ మీద ఆరేసుకుంటూ "ఇది కూడా రోజూ జరుగుతుందా అండీ?" అని అడిగాడు.

మీకు ఇంకో ఉపాయం చెప్పనా? రోజూ వచ్చేవాళ్లలో ఎక్కువసార్లు వచ్చిన పర్యాటకుణ్ణి పట్టుకుని సన్మానం చేయండి. శాలువా కప్పండి. సిగ్గు ఎలాగూ లేదు, శాలువా అయినా ఉంటుంది.

మేనకోడలు


జూలై 12

మేనకోడలా,

ఇలాంటివి ఉత్తరాల్లో రాస్తారా? ఇక్కడ నా టపా ప్యూను చించి ఇస్తాడు. ఇకముందు కవరు మీద "వ్యక్తిగతం" అని రాయి.

నాకు తెలియదనుకున్నావా ఆ తలలు ఎవరివో? ఎనిమిదేళ్లు ప్రెసిడెంటుగా చేశాను. ఫారంలో "ద్వీపానికి వచ్చినవారి సంఖ్య" అని ఒక గడి ఉంది. మనవాళ్లు రాలేదా? వచ్చారు. పడవ దిగారా? దిగారు. చేతిలో సంచి ఉందా? ఉంది. నేను ఒక్క అబద్ధం రాయలేదు. ఆ గడిని వాళ్లు పర్యాటకులు అని చదువుకుంటే నేను అడ్డం పడాలా? ఆ అంకె చూసే కదా రేవుకి సిమెంటు వచ్చింది, సోలారు దీపాలు వచ్చాయి. పది ఏళ్లు మొరపెట్టుకున్నా మనుషులున్నారని ఇవ్వనిది, పర్యాటకులున్నారనగానే ఇచ్చారు. అది నా తప్పా? ఇప్పుడా అంకె మంత్రిగారి ఉపన్యాసంలోకి ఎక్కింది. అక్కడి నుంచి దాన్ని దింపడం నా తరం కాదు, నీ తరం అసలే కాదు. దయచేసి నొక్కడం మానకు. నా మెడ మీద కత్తి పెట్టకు.

అక్కని నా దగ్గర ఉంచుకోవడం గురించి. ఉంచుకోవాలనే ఉంది. కానీ రెండో గది నిండా కరపత్రాలు పెట్టించాను, నలభైవేలు. తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదు. పైగా ద్వీపం నుంచి వచ్చేవాళ్లు, ద్వీపానికి వెళ్లేవాళ్లు గుర్తింపు పొందిన లాడ్జీల్లోనే దిగాలని మొన్ననే నేనే సర్క్యులరు ఇచ్చాను. దాన్ని నేనే ఉల్లంఘిస్తే బాగుంటుందా? ఒకటి రెండుసార్లు ఆసుపత్రికి పోకపోతే ఏమీ కాదు. శరీరానికి విశ్రాంతి కూడా మందే.

బలం కోసం ఒక గంప పళ్లు పంపిస్తున్నాను. అరటిపళ్లు, కమలాలు. అన్నీ అక్కే తినాలి, నువ్వు ముట్టుకోకు.

ఎక్కువసార్లు వచ్చిన పర్యాటకుడికి సన్మానం అన్నావే, ఆ ఆలోచన అమోఘం. మేడమ్ ఎగిరి గంతేశారు. జూలై ముప్పైన పెద్ద హాల్లో సభ. పేరు వెతికే పని గుమాస్తాకి అప్పగించాను. చూశావా, నువ్వు కోపంలో కూడా పనికొచ్చే మాటే అంటావు.

అక్కకి నమస్కారాలు.

మీ మామయ్య


జూలై 24

మామయ్యకి,

అరటిపళ్లు, కమలాలు కిడ్నీలు పోయినవాళ్లకి విషంతో సమానం. ఆసుపత్రి గోడ మీద బొమ్మలేసి మరీ ఇంటూ గుర్తు కొట్టి ఉంటుంది. మూడేళ్లలో ఒక్కసారి నువ్వు ఆ గది గుమ్మం దాకా వచ్చుంటే కనపడేది. గంప మొత్తం రేవులో పంచిపెట్టాను. అమ్మ ఒక కమలాపండు మాత్రం తీసుకుని వాసన చూసి దిండు పక్కన పెట్టుకుంది. "వాడు గుర్తుపెట్టుకుని పంపాడు" అంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మొన్న పద్దెనిమిదిన, శుక్రవారం, మళ్లీ కుర్చీ తప్పింది. ఆదివారానికి అమ్మ పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి ఆడదు. గోడకి ఆనించి కూర్చోబెట్టి విసురుతూ ఉన్నాను. సోమవారం తెల్లవారుజామునే పడవ నడిపే సరంగు ఇంటికి పరిగెత్తాను. ఏం అడగాలో కూడా నాకు తెలియలేదు, గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నా మొహం చూసి చొక్కా తొడుక్కున్నాడు.

ఐదున్నరకి పడవ కదిలింది. సీట్లన్నీ ఖాళీ, మధ్యలో అమ్మ ఒక్కతే. నేను తాడు విప్పాను. పైనుంచి మీ కుర్రాఫీసరు బనీనుతో పరిగెత్తుకొచ్చి "నోటీసు చూడలేదా?" అని కేకలేశాడు. సరంగు ఇంజను మోతలోంచే "నాకు చదువు రాదు బాబూ" అన్నాడు. పదిహేనేళ్లుగా రోజూ లాగ్ బుక్ రాసే మనిషి!

సాయంత్రానికి ఆయన్ని సస్పెండు చేశారు. ఆ కాగితం కింద కూడా నీ సంతకమే. నువ్వు చదివి సంతకం పెడతావా, పెట్టాక చదువుతావా, అసలు చదవవా?

చదవవనే అనుకుంటాను. ఎందుకంటే నిన్న మా ఇంటికి ఇంకో కవరు వచ్చింది. బంగారు అంచు. పైన అమ్మ పేరు. లోపల ఇలా ఉంది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"గౌరవనీయ పర్యాటకురాలికి. గత ఏడాది నూట నలభై ఎనిమిది సార్లు మా ద్వీపాన్ని సందర్శించి, మా ఆతిథ్యం పట్ల మీరు చూపిన అభిమానానికి ముగ్ధులమై, మిమ్మల్ని ఉత్తమ పర్యాటకురాలిగా ఎంపిక చేశాం. బహుమతిగా మా ద్వీపంలో రెండు రాత్రులు, మూడు పగళ్లు ఉచిత బస."

ఇట్లు, నువ్వే.

ఎలా జరిగిందో నాకు అర్థమైంది. ఫ్యాక్టరీ వాళ్లవి నెల పాసులు, వాటి మీద పేర్లు రాయరు. అమ్మది రోగుల రాయితీ టికెట్టు, ప్రతిసారీ పేరు రాస్తారు. మీ గుమాస్తా పుస్తకంలో ఎక్కువసార్లు కనపడ్డ పేరు పట్టుకున్నాడు. నువ్వు పెన్ను పట్టుకున్నావు.

చదివి వినిపించాను. అమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఎక్కడ పడుకోబెడతారటే నన్ను? మన ఇంట్లోనేనా? నువ్వు లేచి మంచం ఇస్తావా?" అంది.

వెళ్లొద్దన్నాను. చించేద్దామన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, అన్నిటికంటే కింది వాక్యం మళ్లీ చదవమంది. "అతిథి కోసం ముప్పైన ఉదయం ఆరు గంటలకు ప్రత్యేక పడవ." సభ ఒంటిగంటకి, కానీ అలంకరణకి ముందే రావాలట. ముప్పై బుధవారం. "ఆరింటికి పడవ అంటే ఎనిమిది దాటకుండా చేరతాను. కుర్చీ దొరుకుతుంది. అయ్యాక వాళ్ల సభకి పోతాను. తమ్ముడు పిలిచాడు, పోకపోతే బాగుండదు" అంది.

కాబట్టి వస్తోంది. నాకు సెలవు ఇవ్వలేదు, పడవ దిగాక ఆటోవాడికి అప్పగిస్తారట. నాలుగు గంటలు మిషను మీద ఉండి వస్తుంది. చేతికి కట్టు ఉంటుంది, కళ్లు తిరుగుతూ ఉంటాయి. ఒక కుర్చీ వేయించు. నువ్వు దానిలో కూర్చోకు.

మనవాళ్లకి నొక్కడం మానేసిన ఏడో తేదీ నుంచి ఇప్పటిదాకా నా డబ్బీలో అంకె నాలుగు.

మేనకోడలు


ఆగస్టు 1

అమ్మడూ,

ఆఫీసు కాగితం మీద రాయడం లేదు. బజార్లో కొన్నాను.

నువ్వు పంపిన ఉత్తరం నాకు ముప్పయ్యో తేదీ సాయంత్రం చేరింది. సభ అయిపోయాక. నేను ముందే చదివి ఉంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి. చేసేవాణ్ణా? ఏమో.

స్టేజీ మీద నేను పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాను. కెమెరాలు పది దాకా వచ్చాయి. తెర పక్కనుంచి ఉత్తమ పర్యాటకురాలు అంటూ తీసుకొచ్చారు. చూస్తే అక్క. చేతికి కట్టు, ఆ పాత నీలం చీర.

మేడమ్ మైకులో "మీరు ఏ ఊరి నుంచి మా ద్వీపానికి వస్తుంటారమ్మా?" అని అడిగారు. అక్క, "ఏ ఊరి నుంచీ రాను. ఆసుపత్రికి పోయి ఇంటికి వస్తుంటాను. నీళ్ల ట్యాంకు వెనక ఇల్లు" అంది. జనం సరదాకి అంటోందనుకుని నవ్వారు. మేడమ్ నవ్వలేదు. మైకు పక్కకి పెట్టి నా వైపు వంగి, "ఈవిడ మీకు తెలుసా?" అన్నారు.

అక్క నీకు ఇప్పటికే చెప్పి ఉంటుంది, దాచడం ఎందుకు. తెలియదన్నాను. "అంత జనంలో అందరూ ఎక్కడ తెలుస్తారు మేడమ్" అన్నాను. మన ద్వీపంలో ఉన్నదే ఏడు వందలమంది. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలుసు అంటే ముప్పై మూడువేలు పోతాయి, కుర్చీ పోతుంది, అని నేను ఆలోచించలేదు కూడా. ఆలోచించకుండానే వచ్చేసింది. అక్క రెండు అడుగుల దూరంలో నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. చూసి, నవ్వింది. ఏడ్చినా, తిట్టినా తట్టుకునేవాణ్ణి. ఆ నవ్వు రెండు రాత్రులుగా నన్ను పడుకోనివ్వడం లేదు.

తరువాత మేడమ్, "మా ద్వీపంలో మీకు బాగా నచ్చిందేమిటి?" అని అడిగారు. అక్క ఆలోచించకుండా, "పొద్దున ఐదున్నర పడవ. అదుంటే బతుకుతాను. మీరు తీసేశారు" అంది. కెమెరాలన్నీ మేడమ్ వైపు తిరిగాయి. ఆవిడ చాలా తెలివైన మనిషి. "మా ఉత్తమ పర్యాటకురాలి కోరిక మాకు శిరోధార్యం. సోమవారం నుంచి ఐదున్నర పడవ" అని అక్కడికక్కడే ప్రకటించారు. చప్పట్లు.

గదిలోకి పిలిచి నాతో ఒకే మాట అన్నారు. "ఆ అంకె గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోవద్దు." నా ఉద్యోగం ఉంది. నీ డబ్బీ వెనక్కి తీసుకుంటారు, రేవులో ఆటోమేటిక్ గేటు పెడతారు. సరంగుని మళ్లీ తీసుకుంటున్నారు. ఆ కాగితం చదివే సంతకం పెట్టాను.

సభ అయ్యాక అక్కని వెతికాను. సాయంత్రం పడవకి వెళ్లిపోయిందన్నారు.

ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వు తిట్టి రాయి. నీకు అలవాటే.

మామయ్య


ఆగస్టు 6

మామయ్యా,

పడవ వచ్చింది. సోమవారం ఐదున్నరకి నేనే తాడు విప్పాను. దాని పేరు ఇప్పుడు "సూర్యోదయ విహారం". రంగు కాగితాలు కట్టారు. లోపల ఒక స్పీకరు పెట్టారు, ఆడగొంతు ఒకటి "ఎడమవైపు చూడండి, సూర్యభగవానుడు" అని చెబుతుంది. ఫ్యాక్టరీ వాళ్లు క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతున్నారు, వాళ్లని లేపి మరీ చూపించమని సరంగుకి ఆర్డరట. ఆయన ఆ తీగ పీకేసి, ఎలుకలు కొరికాయని లాగ్ బుక్కులో రాశాడు. చదువు మళ్లీ వచ్చింది ఆయనకి.

గేటు కూడా పెట్టారు. మొదటిరోజు టీ కొట్టు అత్త కుక్క అందులోంచి పదిహేడుసార్లు అటూ ఇటూ తిరిగింది. పదిహేడూ పడ్డాయి. ఈసారి సన్మానం ఎవరికో నేను చెప్పను, మీ కమిటీ మంజూరు చేస్తుంది.

అమ్మ సోమవారం వెళ్లింది, ఈ రోజూ వెళ్లింది. కాళ్ల వాపు తగ్గింది. ఇంతకుముందే వచ్చి, స్టూలు మీద కాళ్లు పెట్టుకుని కూర్చుంది. నీ ఉత్తరం చదవమంది. ఆవిడకి చూపు ఆనడం లేదు కదా, నీ ఉత్తరాలన్నీ నేనే పైకి చదువుతాను. ఈ సంగతి నీకు తెలియదనుకుంటాను. కాగితం విప్పి చదువుకుంటూ పోయాను. నీ "తెలియదన్నాను" దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఎందుకంటే అమ్మ నాకు ఏమీ చెప్పలేదు మామయ్యా. సభ ఎలా జరిగిందంటే, "పూలు బాగున్నాయి. తమ్ముడు చిక్కిపోయాడు, మెడ ఒక పక్కకి తిప్పలేకపోతున్నాడు" అని ఊరుకుంది. అంతే.

"ఆగావేం, చదువు" అంది.

చదివాను. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను.

అప్పుడు అంది: "ఆ హాల్లో స్పీకరు సరిగ్గా నా చెవి పక్కనే పెట్టారు. వాళ్లిద్దరూ మైకు పక్కన పెట్టి మాట్లాడుకున్నది ఒక్క ముక్క వినపడితే ఒట్టు. ఆవిడ వంగి ఏదో అడిగింది, వాడేదో చెప్పాడు. మా అక్కే మేడమ్ అని చెబుతున్నాడు కాబోలు అనుకున్నాను. అందుకే నవ్వాను."

కట్టు మీద అంటుకున్న ప్లాస్టరు ముక్క గోటితో మెల్లగా పీకుతూ కూర్చుంది.

నేను నీకు రాయాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. పెన్ను తీసుకున్నాను. ఆవిడ చూసి, "తిట్టి రాయకు" అంది.

"మరేం రాయను?"

"పడవ టైము రాయి."

ఉదయం ఇక్కడి నుంచి ఐదున్నర. సాయంత్రం అక్కడి నుంచి ఐదుంబావు. ఆదివారం కూడా ఉంది.

మేనకోడలు